చెమ్మ కాదు సార్, చల్లదనం

హైదరాబాద్ శివారు సాతంరాయిలో గోడ బీటలివ్వొచ్చు, శ్లాబు పెచ్చులూడొచ్చు, బోరు ఎండిపోవచ్చు. గజం రేటు మాత్రం కిందికి దిగదు. భూమ్యాకర్షణ శక్తి ఆరాంఘర్ చౌరస్తా దగ్గరే ఆగిపోతుంది. అక్కడి నుంచి శంషాబాద్ దాకా బెంగళూరు హైవే మీద ఒకసారి పైకి లేచింది పైనే ఉంటుంది. దిగేవి విమానాలొక్కటే.

పెరగడానికి కారణాలకేం కొదవ? 2008 మార్చిలో బేగంపేటకు సెలవిచ్చి శంషాబాద్ విమానాశ్రయం తెరిచారు, రేటు పెరిగింది. 2009 అక్టోబరులో మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పీవీ ఎక్స్‌ప్రెస్‌వే తెరిచారు, మళ్లీ పెరిగింది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు ముక్కలు ముక్కలుగా తెరుచుకుంటూ వచ్చింది, ముక్క ముక్కకూ పెరిగింది. 2022 డిసెంబరు 9న రాయదుర్గం నుంచి ఎయిర్‌పోర్టుకు మెట్రో అని శంకుస్థాపన చేశారు. ఆ లైను చాలా దూరం ఔటర్ పక్కనుంచి పోయేదే. అయినా సాతంరాయిలో రేటు పెరిగింది. ఏడాది తిరిగేసరికి సర్కారు మారింది, ఆ రూటు అటకెక్కింది, నాగోలు, ఎల్బీనగర్, చాంద్రాయణగుట్ట, ఆరాంఘర్ మీదుగా ఇంకో రూటు అన్నారు. రద్దయిన రూటుకు పెరిగిన రేటు తగ్గాలి కదా? తగ్గలేదు సరికదా, కొత్త రూటు పెంపు దాని నెత్తినెక్కి కూర్చుంది. రైలు ఇంకా రాలేదు గానీ, ఇక్కడ ఇల్లు కొన్నవాళ్లంతా దాని టికెట్టు గజానికింతని ఎప్పుడో కట్టేశారు.

ఇన్ని కారణాలతో పెరిగే రేటు, ఇల్లు బాగోలేదన్న ఒక్క కారణంతో తగ్గదా? ఇంజనీరు వచ్చి చూసి, సర్వేయరు వచ్చి కొలిచి, ఇద్దరూ పెదవి విరిచాక కూడా తగ్గదా? తగ్గదు. ఎందుకు తగ్గదో చెప్పడానికే ఈ గోల.

సంతలో బర్రెను కొనేవాణ్ని చూడండి. నోరు తెరిచి పళ్లు చూస్తాడు, పొదుగు తడుముతాడు, రెండు పూటలా పాలు పితికి చూస్తేగానీ మొలలోంచి పైసా తీయడు. అదే మనిషి 80 లక్షల ఇల్లు కొనడానికి వెళ్తే గుమ్మం ఏ దిక్కున ఉందో చూసి, జేబులోంచి సెల్‌ఫోను తీసి దిక్సూచి యాప్ తిప్పి, తూర్పు ఫేసింగే అని నిర్ధారించుకుని బయానా ఇచ్చేస్తాడు. శ్లాబు వంక తలెత్తి చూడడు. చూస్తే అమ్మేవాళ్లు నొచ్చుకుంటారేమోనని మొహమాటం.

అమ్మేవాళ్లు నిజంగా భయపడేది ఒక్కరికే. వాస్తు పండితుడికి. ఆయనొచ్చి ఆగ్నేయంలో సంపు ఉందని నొసలు చిట్లిస్తే చాలు, ‘పూడ్పిస్త సార్, రెండు లక్షలు కూడ తగ్గిస్త’ అని వాళ్లే ముందుకొస్తారు. అదే సంపు పక్కన సెప్టిక్ ట్యాంకు ఉందని, రెంటికీ మధ్య తొమ్మిదంగుళాల గోడే అడ్డమని ఇంజనీరు చెబితే, ‘ఇన్నేండ్లు అవే నీళ్లు తాగినం, మాకేమైంది?’ అంటారు. అంటే ఇంట్లో దోషం ఉండటం కాదు, అది ఏ దిక్కున ఉందన్నదే బేరానికి పనికొచ్చేది. 2015 జనవరిలో వాస్తు బాగోలేదని సచివాలయాన్నే ఎర్రగడ్డ ఛాతీ ఆస్పత్రి స్థలానికి తరలించాలని సాక్షాత్తూ కేబినెట్టు తీర్మానించిన రాష్ట్రం మనది. ఆమాటకొస్తే శంషాబాద్ రన్‌వే కూడా పడమర నుంచి తూర్పుకు సరిగ్గా గీత గీసినట్టు ఉంటుంది, దాని నంబర్లే 09, 27. గాలివాటాన్ని బట్టి అలా వేశారని ఇంజనీర్లు చెబుతారు. మన బ్రోకర్లకు మాత్రం అది 4,260 మీటర్ల తూర్పు ఫేసింగ్ ప్రాపర్టీ.

కనుక బేరం కుదరాలంటే ఒకటే మార్గం. ఇంజనీరు రిపోర్టును వాస్తు పండితుడి లెటర్‌హెడ్ మీద టైపు చేయించాలి. గోడకు చెమ్మ అని రాయకూడదు, వరుణ దోషం అని రాయాలి. కాలమ్‌లో ఇనుము తుప్పు పట్టింది అనకూడదు, నైరుతి స్తంభంలో శని ప్రవేశించాడు అనాలి. సెప్టిక్ ట్యాంకు సంగతికి గంగమ్మ అపవిత్రం అన్న మాట చాలు, పది లక్షలు దిగుతారు. సైన్సు సంతకం పెట్టిన కాయితానికి విలువ లేని చోట శాస్త్రం పేరుతోనైనా నిజం చెప్పించాలి. ఇంతకంటే గతి లేదు.

ఆ వాస్తు లెటర్‌హెడ్ దొరక్క, పోయి పోయి ఇంజనీరు రిపోర్టే చేతిలో పట్టుకుని సిట్టింగుకు వెళ్లిన వాడి పరిస్థితి ఏమిటో కాస్త దగ్గరగా చూద్దాం. సిట్టింగు తెలుసు కదా. నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక టీపాయ్, ఛాయ్, ఉస్మానియా బిస్కెట్లు. ఒకవైపు ఇంటాయన, ఆయన బామ్మర్ది. ఇంకోవైపు కొనే కుర్రాడు, హైటెక్ సిటీలో ఉద్యోగం, మెడలో కార్డు తీయడం మర్చిపోయాడు. మధ్యలో బ్రోకరు. 80 లక్షల ఇంటికి ఇటు ఒక శాతం, అటు ఒక శాతం, వెరసి లక్షా అరవై వేలు ఆయన కళ్లలో కదులుతున్నాయి. ఆ కదలికకు అడ్డొచ్చినవాడు పది వేలు ఫీజు తీసుకుని రిపోర్టు రాసిన ఇంజనీరు. అందుకే ఆయనకు ఛాయ్ చివర్లో వచ్చింది. బిస్కెట్టు రాలేదు.

కుర్రాడు మొదటి పేజీ తిప్పి గొంతు సవరించుకున్నాడు.

‘‘అంకుల్, కింది ఫ్లోరులో గోడలన్నిటికీ మూడడుగుల దాకా చెమ్మ ఉందంటున్నారు. చెమ్మ పైకెక్కకుండా పునాది మీద డీపీసీ వెయ్యలేదట.’’

‘‘చెమ్మ గాదు సార్, చల్లదనం. ఎండకాలం ఏసీ పెట్టేది ఉండది. కరెంటు బిల్లు సూపిస్త, సూడుండ్రి.’’

‘‘శ్లాబుకు పెచ్చులూడి ఇనుము బయటపడింది కదా.’’

‘‘పాత కాలం ఐరన్ సార్ అది. గసొంటి మాల్ ఇప్పుడు యాడ దొరుకుతది? కొత్త ఇండ్లల్ల లోపల ఐరన్ ఏసిండో, ఏరు తాడు ఏసిండో ఎవ్వలకెర్క? మా ఇంట్ల కండ్లకు కనబడుతున్నది.’’

‘‘బీము కింద ఏటవాలుగా పగులుంది అంకుల్. పునాది కుంగుతోందేమో చూడమన్నారు.’’

ఇంటాయన బామ్మర్ది అప్పుడు అందుకున్నాడు. ‘‘ఫ్లైటు లేస్తున్నప్పుడు జెర వైబ్రేషన్ ఉంటది తమ్మీ. ఎయిర్‌పోర్టు గంత దగ్గర అన్నట్టు.’’

ఇక్కడ బ్రోకరు గర్వంగా అందరి మొహాలూ చూశాడు. పగులు కాస్తా లొకేషన్ అయిపోయింది.

‘‘రోడ్డు కంటే ఇల్లు అడుగున్నర కిందికి ఉంది. వానొస్తే నీళ్లు లోపలికొస్తాయి కదా?’’

‘‘ఇల్లు కిందికి లేదు బిడ్డా, రోడ్డు పైకొచ్చింది. నేను కట్టినప్పుడు మట్టిబాట, మూడు మెట్లెక్కి లోపటికి రావాలె. ఏసిన రోడ్డు మీదనే మల్ల రోడ్డు ఏసిండ్రు. ఊరు డెవలప్ అయితున్నదంటే సంబురపడాలె గాని.’’

‘‘పర్మిషన్ రెండు ఫ్లోర్లకే ఉంది అంకుల్. మీరు నాలుగు వేశారు.’’

‘‘రెండింటికి పైసలు తీసుకుంటున్న, నాలుగు ఇస్తున్న. ఇంక నాదే తప్పా?’’

‘‘ఎయిర్‌పోర్టు వాళ్ల ఎత్తు పరిమితి ఉంటుంది కదా, ఆ కాయితమేదైనా...’’

విమానాశ్రయాల చుట్టూ ఎంత ఎత్తు కట్టొచ్చో కేంద్రం 2015లో నిబంధనలు తెచ్చింది, రంగురంగుల మ్యాపులు కూడా ఉన్నాయి. కుర్రాడు చదువుకున్నవాడు, పాపం చూసే వచ్చాడు. ఇంటాయన ఆకాశం వైపు ఒకసారి చూసి, ‘‘ఇన్నేండ్లల్ల ఒక్క పైలెటన్న వచ్చి తలుపు కొట్టిండా?’’ అనడిగాడు. దానికి ఏ మ్యాపులోనూ జవాబు లేదు.

రిపోర్టు అయిపోయింది. ఇప్పుడు తగ్గింపుల పర్వం. తగ్గింపులు ఉండవని నేననలేదు. ఫ్యాన్లు వదిలేస్తానన్నాడు. ట్యూబులైట్లు వదిలేస్తానన్నాడు. వంటింట్లో చిమ్నీ ఉంది, అదీ మీకే అన్నాడు. రెండు కోటింగుల పుట్టీ, మీద మంచి ఎమల్షన్ కొట్టించి ఇస్తానన్నాడు, అంటే చెమ్మ కనిపించకుండా చేసే ఖర్చు ఆయనది, కింద ఇమిడిపోయిన చెమ్మ మీది. అవేవీ కుర్రాడికి ఎక్కకపోయేసరికి బ్రోకరు దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు. ‘‘రేటు ముట్టుకోవద్దు సార్. వైట్ తగ్గిద్దాం.’’

ఇది గమనించాలి. ఇంటి లోపం బయటపడ్డాక తగ్గేది ఇంటి ధర కాదు, దస్తావేజులో రాసే ధర. శ్లాబు కారుతున్నందుకు శిక్ష సర్కారుకు. 50 లక్షలు, అంతకు మించితే కొన్నవాడు ఒక శాతం టీడీఎస్ పట్టుకుని కట్టాలి కాబట్టి చాలా ఇళ్ల విలువ దస్తావేజులో చిత్రంగా 49 లక్షల చిల్లర దగ్గరే ఆగుతుంది. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, అంతకు మించి నగదు చేతులు మారకూడదని 2015 జూన్ నుంచి ఆదాయపన్ను చట్టం మొత్తుకుంటోంది. మొత్తుకోనీండి. 30 లక్షలు సంచిలో పోసి ఇచ్చినవాడికి రేపు శ్లాబు కూలి కోర్టుకెక్కితే గుర్తొస్తుంది, తన చేతిలో ఉన్న రుజువు 49 లక్షలకేనని. మిగతాది ఎవరికిచ్చావయ్యా అంటే నోరు మెదపలేడు.

ఇంతా అయ్యాక చివరి అస్త్రం బయటికొస్తుంది. ఇంకో పార్టీ. ఈ ఇంకో పార్టీని ఇంతవరకూ చూసినవాళ్లు లేరు. బెంగళూరు నుంచో డాలస్ నుంచో వస్తుంటుంది, ఎప్పుడూ శుక్రవారమే వస్తుంది, మొత్తం ఒకేసారి ఇస్తుంది, రిపోర్టులూ గిపోర్టులూ అడగదు. ‘మీరు రెండురోజుల్ల చెప్పకుంటె ఆళ్లకిచ్చేస్త’ అనగానే కుర్రాడి చేతిలో రిపోర్టు చెమటకు తడుస్తుంది. ఇంటి గోడ కంటే వేగంగా.

శ్లాబు, గోడ సంగతి ఇలా ఉంటే, కాళ్ల కింద నేల సంగతి ఇంకా సరదా. దస్తావేజులో 200 గజాలు. ప్రైవేటు సర్వేయరు మిషను పెట్టి కొలిస్తే 186. పోయిన 14 గజాలు ఎక్కడికి పోయాయి? గజం 40 వేలనుకున్నా అయిదున్నర లక్షలు దాటిన సరుకు. సూట్‌కేసులో పట్టేది కాదు, ఎవరైనా ఎత్తుకెళ్తే పక్కింటివాళ్లు చూసి ఉండాలి. అసలు సంగతేమిటంటే వాళ్లే చూసి, వాళ్లే కాంపౌండు కట్టారు. కాస్త వాళ్ల ప్రహరీలో, కాస్త రోడ్డులో, కాస్త కరెంటు స్తంభం కింద.

‘‘రోడ్డుకు పోయింది సార్. ఆ రోడ్డు మీద తిరిగేది మీరే కద.’’

పైసా తగ్గలేదు. పైగా రిజిస్ట్రేషను పాత దస్తావేజు ప్రకారమే, 200 గజాలకే. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం. లేని 14 గజాలకు కూడా సర్కారుకు సుంకం కట్టి, లేని నేలకు యజమానిగా కుర్రాడు సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో వేలిముద్ర వేసి, ఫొటోకు నవ్వాలి.

దీని మూలం చాలా లోతుగా ఉంది. తెలంగాణలో పల్లె పల్లెనూ గొలుసు పట్టి కొలిచింది నిజాం కాలంలో. 33 అడుగుల గొలుసు, 33 ఇంటూ 33 ఒక గుంట, అంటే 121 గజాలు, 40 గుంటలు ఒక ఎకరం. అప్పుడు రాసిన సేత్వారు రిజిస్టర్లు, గీసిన టిప్పను పటాలే ఈ రోజుకీ ఆధారం. వాటిలో రాళ్లున్నాయి, చెట్లున్నాయి, బావులున్నాయి. నేల మీద మాత్రం ఆ రాళ్లు లేవు, చెట్లు లేవు, బావి మీద ఫంక్షన్ హాలుంది. సర్వే నంబరుకు హద్దులు చూపించమని మీసేవలో ఎఫ్‌లైను దరఖాస్తు పెట్టుకోవచ్చు. సర్వేయరు రావాలి, పక్క పట్టాదార్లకు నోటీసులు పోవాలి, వాళ్లు ఒప్పుకోవాలి. 14 గజాలు కలుపుకున్నవాడు ఒప్పుకుంటాడా? ఆయన ఆ రోజు ఊళ్లో ఉండడు. బంధువుల ఇంట్లో చావు.

‘లేఅవుటు రెగ్యులరైజ్ అయిందా?’ అనడిగితే, ‘ఎల్‌ఆర్‌ఎస్ అయింది సార్’ అని గట్టిగా చెబుతారు. కాయితం చూపించమంటే 2020లో కట్టిన వెయ్యి రూపాయల దరఖాస్తు రసీదు చేతిలో పెడతారు. ఆ ఏడాది ఆగస్టు 31న జీవో 131 వచ్చాక అలాంటి రసీదులు రాష్ట్రంలో దాదాపు 25 లక్షలు పుట్టాయి. పెళ్లికి పిలిచారా అంటే శుభలేఖ అచ్చుకిచ్చాం అన్నంత సత్యం అందులో ఉంది.

ఇక నీళ్లు. ఇక్కడ వ్యంగ్యం కాస్త పక్కన పెట్టాలి, ఎందుకంటే మనుషులు పోయారు. సాతంరాయికి పక్కనే, ఆరాంఘర్ వైపు, గగన్‌పహాడ్. 2020 అక్టోబరు 13 రాత్రి వానకు అక్కడి అప్ప చెరువుకు గండి పడింది. నీళ్లు బెంగళూరు జాతీయ రహదారినే కోసేశాయి. రహదారినే కోసిన నీళ్లకు ఇళ్లు ఒక లెక్కా. నాలుగేళ్లు కావస్తుండగా, 2024 ఆగస్టు చివర్లో, ఆ జులైలోనే పుట్టిన సర్కారు సంస్థ హైడ్రా అదే చెరువులో ఆక్రమణ కట్టడాలను జేసీబీలతో కూల్చింది. చెరువు ఒకసారి తానుగా వచ్చి చెప్పింది, ఇంకోసారి సర్కారు చేత చెప్పించింది. చెవిటివాళ్లం మనమే. నిబంధన గట్టిగానే ఉంది. 2012 నాటి జీవో 168 ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే దాని పూర్తి మట్టం (ఎఫ్‌టీఎల్) హద్దు నుంచి 30 మీటర్లు, చిన్న కుంటైతే 9 మీటర్లు వదలాలి. సిట్టింగులో మాత్రం ఆ మాటెత్తితే ‘లేక్ వ్యూ’ అని రేటు ఇంకో రెండు వేలు కలుపుతారు. ఎఫ్‌టీఎల్‌లో ఉన్న ఇంటికి లేక్ వ్యూ ఏమిటి? ఆ ఇంట్లోంచి చెరువు కనిపించదు. చెరువులోంచి ఆ ఇల్లు కనిపిస్తుంది.

111 సంగతి కూడా అంతే. 1908 మూసీ వరదల తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లను కాపాడటానికి, వాటికి పది కిలోమీటర్ల లోపు 84 గ్రామాల్లో కాలనీలు, పెద్ద హోటళ్లు, పరిశ్రమలు వద్దని 1996 మార్చి 8న జీవో 111 వచ్చింది. శంషాబాద్ మండలంలోని పల్లెలూ ఆ జాబితాలో ఉన్నాయి. ఆ ఆంక్షలు సడలిస్తూ 2022 ఏప్రిల్‌లో జీవో 69 తెచ్చారు, 2023 మేలో 111ను ఎత్తేస్తామని కేబినెట్టు ప్రకటించింది. బ్రోకరుకు రెండూ సమ్మతమే. ‘111 ఉన్నది కాబట్టే గాలి గింత సాఫ్ ఉన్నది సార్’ అని పొద్దున వచ్చిన పార్టీకి చెబుతాడు. ‘111 ఎత్తేస్తుండ్రు, రేటు డబులైతది’ అని సాయంత్రం వచ్చిన పార్టీకి చెబుతాడు. మధ్యాహ్నం భోంచేసి పడుకుంటాడు.

ఇప్పుడు కొనేవాళ్ల దగ్గరికి వద్దాం. వాళ్లను వదిలేస్తే ధర్మం కాదు. డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉన్న మన తమ్ముడు అక్కడ ఇల్లు కొనేటప్పుడు చూడండి. ఆఫరులోనే ఇన్‌స్పెక్షన్ షరతు పెడతాడు. ఇన్‌స్పెక్టరు వచ్చి అటక ఎక్కుతాడు, పునాది కిందికి దూరుతాడు, వాటర్ హీటరు వయసు రాస్తాడు, కిటికీ గొళ్లెం వదులైందని కూడా రాస్తాడు. ఆ రిపోర్టు పట్టుకుని మన తమ్ముడు 12 వేల డాలర్లు తగ్గించాలని మెయిలు మీద మెయిలు కొట్టి, పైకప్పు రిపేరుకు డబ్బు ముక్కు పిండి వసూలు చేస్తాడు. ఇంగ్లండ్‌లో ఉన్న అక్క కూడా తక్కువది కాదు, సర్వే రిపోర్టు బాగోలేదంటే కాంట్రాక్టులు మార్చుకునే ముందు రోజైనా సరే, రేటు తగ్గిస్తావా, పోనా అంటుంది. అక్కడ అది మర్యాదే. ఆ తమ్ముడే, ఆ అక్కే సాతంరాయి ఇంటికి వాట్సాప్‌లో వచ్చిన పదిహేను సెకన్ల వీడియో చూసి, బావమరిది ‘మంచిగుంది బావా’ అంటే 40 లక్షలు పంపిస్తారు. వీడియోలో గుమ్మం కనిపిస్తుంది, మామిడాకుల తోరణం కనిపిస్తుంది. శ్లాబు కనిపించదు. సముద్రాలు దాటితే మనకు కళ్లు వస్తాయి. తిరిగి దాటితే పోతాయి.

బ్యాంకు లోను ఇచ్చింది కదా, బ్యాంకు ఇంజనీరు చూశాడు కదా అని కొందరి ధీమా. బ్యాంకు ఇంజనీరు వచ్చేది బ్యాంకు డబ్బు కోసం. గేటు ముందు నిలబడి ఫొటో దిగి, ఇంత విలువ అని రాసి వెళ్తాడు. శ్లాబు కారితే నెలనెలా కంతు ఆగుతుందా? ఆగదు. మరి ఆయనకేం? ఈసీ తీయించాం, ముప్పై ఏళ్లకూ క్లియర్ అంటారు ఇంకొందరు. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలు కనిపిస్తాయి. చెమ్మ రిజిస్టరు కాదు. చెరువు వచ్చి తాకట్టు పెట్టుకోదు.

ఇంతకీ చట్టం చేతులు ముడుచుకుని కూర్చుందా? లేదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 55వ సెక్షన్. ఆస్తిలో గానీ హక్కులో గానీ పెద్ద లోపం ఉండి, అది అమ్మేవాడికి తెలిసి, కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేనిదైతే అమ్మేవాడు చెప్పి తీరాలి. చెప్పకపోవడం మోసం కిందికే వస్తుందని అదే సెక్షన్ చివర రాసి ఉంది. పుట్టీ కింద దాచిన పగులు సరిగ్గా అదే. అయితే ఇద్దరూ ఇంకోలా రాసుకుంటే రాసుకున్నదే చెల్లుతుంది, అగ్రిమెంటులో ‘ఉన్నది ఉన్నట్టుగా’ అనే రెండు ముక్కలు ఎందుకు దూరుతాయో ఇప్పుడర్థమైందా? పైగా మామూలు జాగ్రత్తతో కనిపెట్టగలిగిన లోపానికి ఈ సెక్షన్ అడ్డుపడదు. బయటపడ్డ ఇనుమును చూడకుండా గుమ్మాన్ని చూసినవాణ్ని ఏ చట్టమూ కాపాడదు. కొత్త ఫ్లాటైతే, రెరా కింద నమోదైన ప్రాజెక్టైతే కాస్త నయం. స్వాధీనం చేసిన నాటి నుంచి అయిదేళ్ల లోపు నిర్మాణ లోపం బయటపడి చెబితే 30 రోజుల్లో బిల్డరు తన ఖర్చుతో బాగుచేయాలి. ఆ రక్షణ ఇలాంటి పాత ఇంటి చేతిమార్పిడికి లేదు.

అయినా ఇంటాయనను మాత్రమే తిట్టి ఏం లాభం? ఆయనా ఒకనాడు ఈ స్థలాన్ని ఇలాగే కొన్నాడు. ఆ కుర్రాడు కూడా శుక్రవారం పార్టీకి భయపడి కొనేస్తాడు, మొదటి వానకే సంగతి తెలుసుకుంటాడు, నాలుగేళ్లు బకెట్లు పెట్టి నీళ్లు పడతాడు, తర్వాత ఒక ఏప్రిల్‌లో రెండు కోటింగుల పుట్టీ కొట్టించి అమ్మకానికి పెడతాడు. ఏప్రిలే ఎందుకంటే, అప్పటికి గోడలు ఎండి ఉంటాయి. అప్పుడు ఇంకో కుర్రాడు ఇంజనీరు రిపోర్టు పట్టుకొస్తే ఈయన ఏమంటాడో నాకు తెలుసు. తెలుగు కొంచెం మారుతుంది, అంతే: ‘చెమ్మ కాదు బ్రో, నేచురల్ కూలింగ్.’

సాతంరాయిలో ఇల్లు చూడబోయే అన్నలకు, అక్కలకు ఒక మనవి. ఎండాకాలంలో వెళ్లకండి. ఆగస్టులో, వాన దంచికొడుతున్నప్పుడు వెళ్లండి. మొదట గుమ్మం చూడకండి, మిద్దెక్కండి. ఇంజనీరును తీసుకెళ్లండి, టేపు పట్టే సర్వేయరును తీసుకెళ్లండి, చెరువు మ్యాపు ప్రింటు తీసుకెళ్లండి. రిపోర్టు బాగోలేకపోతే రేటు తగ్గాలని, లేదంటే బయానా మొత్తం వాపసు రావాలని అగ్రిమెంటులో ముందే రాయించండి. ఆ మాట రాసి సంతకాలయ్యే దాకా బయానా డబ్బులు ఇంట్లోనే పెట్టి రండి.